జోన్స్ వ్యాధి (పారాట్యూబర్‌క్యులోసిస్): పశువుల్లో, జీవాల్లో, అడవి జంతువుల్లో

నెమరు వేసే జంతువుల పేగులకు సోకే దీర్ఘకాలిక అంటువ్యాధి జోన్స్ వ్యాధి. శాస్త్ర గ్రంథాల్లో దీని పేరు పారాట్యూబర్‌క్యులోసిస్. దీనికి కారణం మైకోబ్యాక్టీరియం ఏవియం ఉపజాతి పారాట్యూబర్‌క్యులోసిస్ అనే సూక్ష్మజీవి. అంత పొడవు పేరును పరిశోధకులు ‘మ్యాప్’ అని కుదించుకున్నారు. మనుషుల్లో క్షయ, కుష్ఠు కలిగించే సూక్ష్మజీవులకు ఇది దగ్గరి చుట్టం. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పెంపుడు దుప్పులతో పాటు కుందేళ్ల నుంచి కొండగొర్రెల దాకా అనేక అడవి జంతువుల్లోనూ ఇది కనబడింది. పశుపోషణ ఉన్న ఖండాలన్నింటికీ పాకింది.

ఈ వ్యాధి మీద 130 ఏళ్లుగా సాగుతున్న పరిశోధనను ఒకే ఒక్క గుణం నడిపించింది, ఇబ్బంది పెట్టింది కూడా. అది దీని నెమ్మది. దూడగా ఉన్నప్పుడు సోకిన రోగం ఆవు రెండు మూడు ఈతలు ఈనాక గానీ బయటపడదు. ప్రయోగశాలలో సూక్ష్మజీవి కంటికి కనబడేంత పెరగడానికి నెలలు పడుతుంది. ఈ లోపు పశువును సంతలో కొంటారు, అమ్ముతారు, ఓడెక్కించి మరో దేశానికి పంపుతారు. పరీక్ష ఫలితం వచ్చేసరికి రోగం ఊరు దాటిపోయి ఉంటుంది. ఏ దేశంలో దీని చరిత్ర తిరగేసినా అక్కడ ఎవరో ఆరోగ్యంగా కనిపించే పశువును కొని తెచ్చిన సంగతి ఒకటి బయటపడుతుంది.

రోగం నడిచే తీరు

పుట్టిన తొలి వారాల్లో, తొలి నెలల్లో దూడకు ముప్పు ఎక్కువ. పేడ అంటిన పొదుగును చీకినప్పుడు, రోగమున్న తల్లి ముర్రుపాలు తాగినప్పుడు, మురికి కొట్టంలో గడ్డిని నాకినప్పుడు మ్యాప్ కడుపులోకి చేరుతుంది. కొన్నిసార్లు తల్లి కడుపులో ఉండగానే సోకుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ విటింగ్టన్, పీటర్ విండ్సర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2009లో లెక్కగట్టారు. రోగం ఉన్నా లక్షణాలు కనబడని ఆవుల గర్భస్థ పిండాల్లో సుమారు 9 శాతానికి, లక్షణాలు బయటపడ్డ ఆవుల పిండాల్లో సుమారు 39 శాతానికి పుట్టకముందే రోగం అంటినట్టు తేలింది. ‘దూడను తల్లి నుంచి వెంటనే వేరు చేస్తే చాలు’ అనే సలహా ఎందుకు పూర్తిగా ఫలించదో ఈ అంకెలు చెబుతాయి.

చిన్నపేగు చివరి భాగంలో పేయర్స్ ప్యాచెస్ అనే రోగనిరోధక కణజాలం ఉంది. దాని మీది ఎమ్ కణాల గుండా మ్యాప్ పేగు గోడలోకి దిగుతుంది. అక్కడ మాక్రోఫేజ్ అనే రక్షక కణం దాన్ని మింగుతుంది. మామూలుగా మాక్రోఫేజ్ తాను మింగిన సూక్ష్మజీవిని లోపలే అరిగించేస్తుంది. మ్యాప్ ఆ పనికి అడ్డుపడి, తనను చంపవలసిన కణంలోనే కాపురం పెడుతుంది. చుట్టూ మరిన్ని కణాలు పోగై పేగు గోడ మందమవుతుంది, అడ్డంగా ముడతలు పడుతుంది. ఆ ముడతలను చేత్తో లాగి చూసినా సాగవు. ఇక తిన్న మేతలోని సారం ఒంటికి పట్టదు. పైగా ఒంట్లోని ప్రోటీన్ పేగుల గుండా బయటికి కారిపోతుంది.

ముదిరిన ఆవును చూస్తే విచిత్రంగా ఉంటుంది. జ్వరం ఉండదు, మేత బాగానే తింటుంది, అయినా పాలు తగ్గుతాయి, ఒళ్లు కరిగిపోతుంది, పిచికారీ కొట్టినట్టు పారుడు మొదలై ఏ మందుకూ కట్టుకోదు. దవడ కింద నీరు దిగుతుంది. ఈనిన కొద్ది వారాల్లో, అంటే ఒంటి మీద భారం ఎక్కువగా ఉన్నప్పుడు, లక్షణాలు పైకి రావడం ఎక్కువ. గొర్రెల్లో, మేకల్లో అయితే పారుడు కూడా ఉండకపోవచ్చు. పెంటికలు మామూలుగానే పడుతుంటాయి, జీవం మాత్రం బక్కచిక్కిపోతుంది. కాపరి దాన్ని కడుపులోని పురుగుల మీదకో, అరిగిన పళ్ల మీదకో, మేత కరువు మీదకో నెట్టేస్తాడు. గొర్రెల్లో ఈ వ్యాధి లెక్కలు ఎప్పుడూ తక్కువగా కనిపించడానికి ఒక పెద్ద కారణం ఇదే.

మందలో చిక్కిపోయి పారుతున్న ఆవు ఒక్కటే కనబడుతుంది. అమెరికా పరిశోధకులు రాబర్ట్ విట్లాక్, క్లాజ్ బర్గెల్ట్ 1996లో దీన్ని నీట మునిగిన మంచుకొండతో పోల్చారు. అదే మందలో పుట్టి పెరిగి లక్షణాలు చూపిన ఒక్కో పశువు వెనక, రోగం సోకినవి మరో 15 నుంచి 25 దాకా ఉంటాయని వారి అంచనా. రోగం ముదిరిన పశువు గ్రాము పేడలో లక్షల నుంచి కోట్ల సంఖ్యలో మ్యాప్‌ను విసర్జిస్తుంది. వీటిలో మరీ ఎక్కువగా విసర్జించేవాటిని ‘సూపర్ షెడ్డర్లు’ అంటారు. వాటి పక్కన మేసే ఆరోగ్యకరమైన ఆవు పేడలోనూ మ్యాప్ కనబడవచ్చు. అయితే దానికి రోగం వచ్చిందని కాదు. మింగిన సూక్ష్మజీవి పేగుల్లో ఆగకుండా అలాగే బయటికి వచ్చేసిందంతే. ఈ తేడా తెలియక పశువులను అనవసరంగా తీసేసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

డ్రెస్డెన్‌లో మొదలు

1894లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ ప్రాంతంలో ఒక రైతు కొన్న ఆవు పాలివ్వక, ఒళ్లు చేయక, చివరికి చనిపోయింది. క్షయేమోనని స్థానిక పశువైద్యుడు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేస్తే ఏమీ తేలలేదు. ఆయన దాని పేగు ముక్కలను డ్రెస్డెన్‌లోని పశువైద్య కళాశాలకు పంపాడు. అక్కడ హైన్రిష్ ఆల్బర్ట్ జోన్, అమెరికా నుంచి వచ్చిన లాంగ్‌డన్ ఫ్రాథింగ్‌హామ్ వాటిని పరీక్షించి, పేగు గోడ నిండా క్షయ సూక్ష్మజీవులను పోలినవే కనబడ్డాయని 1895లో ప్రకటించారు. బహుశా పక్షుల్లో క్షయ కలిగించే సూక్ష్మజీవి ఆవుకు సోకి ఉంటుందని వారు ఊహించారు. డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ 1906లో ఇది క్షయ కాదని, వేరే వ్యాధి అని, దూడలకు అంటించవచ్చని నిరూపించాడు. దాంతో డ్రెస్డెన్ ఊహ పొరపాటుగా మిగిలిపోయింది. తమాషా ఏమిటంటే, 1990లో వర్గీకరణను సవరించినప్పుడు మ్యాప్‌ను పక్షి క్షయ సూక్ష్మజీవి అయిన మైకోబ్యాక్టీరియం ఏవియంకు ఉపజాతిగానే చేర్చారు. జన్యువుల లెక్కన చూస్తే జోన్ మరీ దూరంగా పోలేదు.

సూక్ష్మజీవి కంటబడినా ప్రయోగశాలలో ఎవరూ దాన్ని పెంచలేకపోయారు. లండన్‌లో ఫ్రెడరిక్ ట్వోర్ట్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. బ్యాక్టీరియాను తినే వైరస్‌ల గురించి 1915లో మొట్టమొదట రాసింది కూడా ఈయనే. మ్యాప్ తనకు కావలసిన ఏదో పదార్థాన్ని తయారు చేసుకునే శక్తి పోగొట్టుకుందని, దాని చుట్టాల నుంచి ఆ పదార్థం అందిస్తే పెరుగుతుందని ఆయన తర్కించాడు. టిమోతీ గడ్డి మీద ఉండే హానిలేని మైకోబ్యాక్టీరియాను చంపి పోషక మాధ్యమంలో కలిపితే మ్యాప్ పెరిగింది. జి.ఎల్.వై. ఇంగ్రామ్‌తో కలిసి ఆయన ఈ పనిని 1912 నాటికి పూర్తిగా వివరించాడు. ఆ పదార్థం ఇనుమును పట్టి తెచ్చే మైకోబ్యాక్టిన్ అని దశాబ్దాల తర్వాత తేలింది. 2005లో మ్యాప్ కె-10 రకం జన్యుపటాన్ని 48 లక్షలకు పైగా అక్షరాలతో పూర్తిగా చదివినప్పుడు, మైకోబ్యాక్టిన్ తయారుచేసే జన్యువుల్లో ఒకటి కురచబారి ఉన్నట్టు కనబడింది. సూక్ష్మదర్శిని, పోషక మాధ్యమం తప్ప మరేమీ చేతిలో లేని రోజుల్లో ట్వోర్ట్ చేసిన ఊహకు జన్యు ఆధారం దొరకడానికి 90 ఏళ్లకు పైగా పట్టింది.

ఐస్‌లాండ్ గొర్రెలు

ఈ వ్యాధి పరిశోధనలో ఒక్క దేశం కథే చెప్పాలంటే ఐస్‌లాండ్ కథ చెప్పాలి. 1933లో అక్కడి ప్రభుత్వం జర్మనీలోని హాలే నుంచి 20 కారకుల్ గొర్రెలను తెప్పించింది. కారకుల్ పిల్లల తోలుకు మంచి ధర పలుకుతుందని ఆశ. గొర్రెలను కొన్నాళ్లు విడిగా ఉంచి చూశారు. ఏ జబ్బూ కనబడకపోవడంతో వేర్వేరు ప్రాంతాల రైతులకు పంచారు. వాటిలో కనీసం 5 గొర్రెలు మ్యాప్‌ను మోసుకొచ్చాయని తర్వాత లెక్క తేలింది. ఊపిరితిత్తులను నెమ్మదిగా తినేసే మేడి, యాగ్‌సీక్టే అనే రోగాలు కూడా అదే మందతో దిగాయి. వెయ్యేళ్లుగా బయటి గొర్రెలతో దాదాపు సంబంధం లేకుండా బతికిన ఐస్‌లాండ్ గొర్రెలకు వీటిని తట్టుకునే శక్తి లేదు. 1938లో గొర్రెల్లో జోన్స్ వ్యాధి ఖాయమైంది. దేశానికి జీవనాధారమైన గొర్రెల పెంపకం ఒకటిన్నర దశాబ్దంలో దాదాపు కుప్పకూలింది.

ప్రభుత్వం కొండలకు, నదులకు అడ్డంగా వందల కిలోమీటర్ల కంచెలు కట్టింది. రోగమున్న జిల్లాల మందలను పూర్తిగా వధించి, రోగం లేని జిల్లాల నుంచి గొర్రెపిల్లలను తెచ్చి ఇచ్చింది. ఈ పద్ధతి మిగతా రెండు రోగాల మీద పనిచేసింది. 1965 నాటికి మేడి దేశంలో లేకుండా పోయింది. జోన్స్ వ్యాధి మాత్రం కొత్త మందల్లో మళ్లీ తలెత్తింది. కారణం ఒకటి నేలలో ఉంది, రెండోది పక్క కొట్టంలో. గొర్రెలన్నీ పోయినా పచ్చికలో మ్యాప్ బతికే ఉంది. పైగా గొర్రెల్లో ఏళ్లుగా రోగమున్న పొలాల్లో ఆవులకూ అది అంటుకుని ఉంది. గొర్రె రకం మ్యాప్ ఆవులకు సోకడం అరుదనే మాట పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉంది. ఐస్‌లాండ్ అనుభవం దాన్ని అంత తేలిగ్గా నమ్మనివ్వదు.

అప్పుడు రేక్యావిక్ దగ్గరి కెల్దుర్ పరిశోధనా సంస్థలో బ్యోర్న్ సిగుర్డ్‌సన్ చంపిన సూక్ష్మజీవులను నూనెలో కలిపి టీకా తయారు చేశాడు. సుమారు 200 పొలాల్లో పరీక్షించి చూస్తే జోన్స్ వ్యాధి చావులు 94 శాతం తగ్గాయి. వ్యాధి ఉన్న ప్రాంతాల్లో 1966 నుంచి గొర్రెపిల్లలకు ఈ టీకాను తప్పనిసరి చేశారు. రోగం మాత్రం నిర్మూలన కాలేదు.

సిగుర్డ్‌సన్ పేరు పశువైద్యం దాటి నిలిచింది. 1954లో లండన్ విశ్వవిద్యాలయంలో ఆయన మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఒకటి మేడి మీద, మరొకటి గొర్రెల జోన్స్ వ్యాధి మీద, ఇంకొకటి రీడా అనే మెదడు జబ్బు మీద. సోకాక నెలలూ ఏళ్లూ మౌనంగా ఉండి, మొదలయ్యాక మాత్రం ఆగకుండా చావు దాకా నడిచే రోగాలను ప్రత్యేక తరగతిగా చూడాలని ఆయన వాదించాడు. ‘నెమ్మది అంటురోగాలు’ అనే ఆ భావన తర్వాత మనుషుల మెదడు జబ్బుల పరిశోధనకూ, హెచ్‌ఐవీ కుటుంబపు వైరస్‌లను అర్థం చేసుకోవడానికీ దారి వేసింది. దాని మూలాల్లో బక్కచిక్కిన గొర్రె ఒకటి ఉందన్న సంగతి వైద్య విద్యార్థులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పట్టుకునే పరీక్షలు

క్షయకు ట్యూబర్‌క్యులిన్ ఉన్నట్టే దీనికి జోనిన్ ఉంది. చర్మంలోకి ఎక్కించి వాపు కొలుస్తారు. ఇతర మైకోబ్యాక్టీరియా తగిలిన పశువుల్లోనూ వాపు వస్తుంది కాబట్టి దాని మాటను పూర్తిగా నమ్మలేం. పేడను సాగు చేయడం ఖచ్చితమైన పద్ధతే అయినా 8 నుంచి 16 వారాలు పడుతుంది. గొర్రె రకాలైతే మామూలు మాధ్యమాల మీద చాలాకాలం పెరగనే లేదు. గుడ్డు పచ్చసొన, మైకోబ్యాక్టిన్ కలిపిన ద్రవ మాధ్యమంలో రేడియోధార్మిక పద్ధతితో వాటిని పెంచడం 1990ల చివర్లో ఆస్ట్రేలియాలో సాధ్యమైంది. అప్పటి నుంచి అనేక గొర్రెల పెంటికలను కలిపి ఒకే నమూనాగా పరీక్షించే చౌక పద్ధతి అమల్లోకి వచ్చింది.

1989లో ఐఎస్900 అనే చిన్న జన్యుఖండం కనబడటం పెద్ద మలుపు. ఒక్కో మ్యాప్‌లో దాని ప్రతులు పదికి పైగా ఉంటాయి కాబట్టి పీసీఆర్‌తో పట్టుకోవడం సులువైంది, నెలల పని రోజుల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఇతర మైకోబ్యాక్టీరియాలోనూ దాన్ని పోలిన ఖండాలు కనబడటంతో, ఒక్క ఐఎస్900తోనే తీర్పు చెప్పకూడదని ప్రయోగశాలలు నేర్చుకున్నాయి.

రక్తంలో, పాలలో ప్రతిరక్షకాలను చూసే ఎలైసా చౌకైనది, వేగమైనది. పాల సేకరణ కేంద్రానికి వచ్చే నమూనాతోనే చేయవచ్చు. అయితే దాని గుడ్డితనం రోగం స్వభావంలోనే ఉంది. మ్యాప్ సోకిన తొలి ఏళ్లలో ఒళ్లు కణాలతో పోరాడుతుంది. ప్రతిరక్షకాలు రక్తంలో పెరిగేది ఆ పోరాటం వీగిపోతున్నప్పుడే. కాబట్టి ఎలైసా పట్టుకునేది ఎక్కువగా ముదిరిన పశువులనే. సోకి మౌనంగా ఉన్నవాటిలో అధిక భాగం దాని వల నుంచి తప్పించుకుంటాయి. తొలి దశ కణాల స్పందనను పట్టే ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్ష ఉంది. అది ‘సూక్ష్మజీవి తగిలింది’ అని చెబుతుందే గానీ, ఆ పశువు ముందుముందు రోగి అవుతుందా, దాన్ని జయిస్తుందా అన్నది చెప్పలేదు. సంతలో పశువు కొనేవాడికి ఒక్క పరీక్షతో భరోసా ఇవ్వగలిగే పద్ధతి ఇప్పటికీ లేదు. అందుకే అనుభవజ్ఞులు పశువును కాదు, అది వచ్చిన మంద చరిత్రను చూడమంటారు.

మట్టిలో, నీటిలో

పశువు బయట మ్యాప్ పెరగదు, కానీ బతికి ఉంటుంది. విటింగ్టన్ బృందం ఆస్ట్రేలియా గొర్రెల పచ్చికల్లో చేసిన ప్రయోగాల్లో, పూర్తి నీడలో ఉన్న పెంటికల్లో గొర్రె రకం మ్యాప్ 55 వారాల దాకా బతికింది. చెరువు నీటిలో, అడుగు బురదలో 48 వారాల దాకా నిలిచింది. గడ్డి గొరిగి ఎండ తగలనిచ్చిన చోట చాలా త్వరగా తగ్గింది. అక్కడ ఎండవేడి కన్నా పగటికి రాత్రికి మధ్య ఉష్ణోగ్రత ఎగుడుదిగుళ్లే ముఖ్యమని వారు భావించారు. ఆస్ట్రేలియాలో గొర్రెల జోన్స్ వ్యాధి మొదట 1980లో న్యూ సౌత్ వేల్స్‌లో కనబడింది. 2002లో గుడైర్ అనే టీకాను అనుమతించారు. అది మందల్లో చావులను సుమారు 90 శాతం తగ్గించింది, పెంటికల్లో మ్యాప్ రావడాన్ని ఆలస్యం చేసింది. టీకా వేసిన గొర్రెల్లోనూ కొన్ని సూక్ష్మజీవిని భారీగా విసర్జిస్తూనే ఉన్నాయి. నూనెతో చేసిన ఆ మందు పొరపాటున కాపరి వేలికి గుచ్చుకుంటే నెలల తరబడి మానని పుండు పడుతుంది.

అడవి జంతువుల్లో

అడవి జంతువుల మీది పరిశోధనలో పదే పదే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. అడవి జంతువులో రోగం కనబడగానే నింద దాని మీద పడుతుంది. జాడ తీస్తూ పోతే అది చాలాసార్లు పశువుల కొట్టం దగ్గరికే చేరుతుంది.

కాలిఫోర్నియాలోని పాయింట్ రేయెస్ దీనికి తగిన ఉదాహరణ. అక్కడి పాడి పొలాల ఆవుల్లో, పక్కనే తిరిగే విదేశీ జాతి దుప్పుల్లో జోన్స్ వ్యాధి ఉందని 1979లో రీమన్ బృందం ప్రచురించింది. ఆ దుప్పుల్లో ఒకటి మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పే. వేట వినోదం కోసం ఎవరో ఇరవయ్యో శతాబ్దంలో అక్కడికి తెచ్చి వదిలారు. 1978లో ప్రభుత్వం స్థానిక జాతి అయిన టూలీ ఎల్క్‌లను పదింటిని టొమాలెస్ పాయింట్ అనే కొనకు తెచ్చింది. ఆ నేల అంతకుముందు పాడి పశువులు మేసిన బీడు. కొద్ది కాలానికే ఎల్క్‌లు చిక్కిపోయి పారడం మొదలైంది, వాటిలో మ్యాప్ కనబడింది. జాతిని కాపాడాలని తెచ్చినవాటికి పశువుల రోగం అంటింది. 1998లో వాటిలో కొన్నింటిని మరో చోటికి మార్చాలనుకున్నప్పుడు, వాటిని విడిగా ఉంచి, పదే పదే పేడ పరీక్షలు చేశాకే వదిలారు.

కొలరాడోలో ఎలిజబెత్ విలియమ్స్ తదితరులు 1979లో బిగ్‌హార్న్ కొండగొర్రెల్లో, ఒక కొండమేకలో ఈ వ్యాధిని వివరించారు. అంతరించే ప్రమాదమున్న ఫ్లోరిడా కీ దుప్పుల్లో 1996లో కనబడింది. చిన్న చిన్న దీవుల మీద కొన్ని వందలే మిగిలిన జాతికి అది పెద్ద బెదిరింపు. ఇటలీ ఆల్ప్స్‌లోని స్టెల్వియో జాతీయవనంలో ఎర్ర దుప్పులు, ఐబెక్స్‌లు దీని బారిన పడ్డాయి. న్యూజిలాండ్ రైతులు మాంసం కోసం పెంచే ఎర్ర దుప్పుల్లో రోగం ఆవుల్లోలా ఏళ్ల తరబడి ఆగదు. 8 నుంచి 15 నెలల వయసులోనే గుంపులు గుంపులుగా చిక్కి చస్తాయి. ఒకే సూక్ష్మజీవి ఒక జంతువులో ఇంత నెమ్మదిగా, మరోదానిలో ఇంత వేగంగా ఎందుకు నడుస్తుందన్నది అక్కడి జన్యు పరిశోధనకు ముఖ్య విషయమైంది. కాలిన్ మెకింటోష్, ఫ్రాంక్ గ్రిఫిన్ రోగాన్ని తట్టుకునే పోతుల సంతానాన్నీ, తట్టుకోలేని పోతుల సంతానాన్నీ పక్కపక్కన పెట్టి ఇదే వెతికారు.

నెమరు వేయని జంతువుల సంగతి తేల్చింది స్కాట్లాండ్. అలస్టేర్ గ్రెగ్ బృందం 1997లో అడవి కుందేళ్లలో సహజంగా వచ్చిన జోన్స్ వ్యాధిని చూపింది. ఆవుల్లో రోగ చరిత్ర ఉన్న పొలాలకూ, కుందేళ్లలో రోగానికీ సంబంధం ఉందని 1999లో నిరూపించింది. 2001లో ఫిలిప్పా బియర్డ్ బృందం నక్క, స్టోట్, వీజిల్, బ్యాడ్జర్, ఎలుక, కాకి జాతి పక్షుల్లోనూ మ్యాప్‌ను కనుగొంది. కుందేళ్లను తినేవాటికి తిండి ద్వారానే సోకిందని తేలికగా ఊహించవచ్చు. కుందేలు నుంచి తీసిన మ్యాప్‌ను దూడలకు ఇస్తే దూడలకూ సోకింది. అంటే దారి రెండు వైపులా తెరిచే ఉంది.

ఇక్కడ మైక్ హచింగ్స్ తదితరుల పరిశీలన నాకు అన్నింటికన్నా ఆసక్తికరం. పచ్చికలో ఆవు పేడ పడిన చోటును ఆవులు వాసన చూసి వదిలేస్తాయి. ఇది పరాన్నజీవుల నుంచి వాటికి సహజంగా ఉన్న రక్షణ. కుందేలు పెంటికలు పడిన గడ్డిని మాత్రం అవి వదలవు, నిశ్చింతగా మేసేస్తాయి. అలా ఒక పశువు రోజుకు ఎన్ని పెంటికలు మింగుతుందో అంచనా వేసినప్పుడు, కుందేళ్లు పట్టించుకోదగిన వనరే అని తేలింది. తల్లి కుందేలు నుంచి పిల్లలకు కడుపులోనే సోకుతుందని 2006లో జడ్జ్ బృందం చూపాక ఇంకో భయం మొదలైంది. పొలంలో ఆవులన్నింటినీ తీసేసినా, గొర్రెలు రాకపోయినా కుందేళ్లలో రోగం తనంతట తానే కొనసాగుతుందేమోనని. ప్రతి చోటా అలా జరగదు. ఆస్ట్రేలియాలోని కంగారూ ద్వీపంలో రోగమున్న గొర్రెలతో కలిసి మేసిన కంగారూలలో, వాలబీలలో కొన్నింటికి మ్యాప్ సోకినా, రోగాన్ని నిలబెట్టే వనరుగా అవి తేలలేదు.

మనుషుల సంగతి

1913లో గ్లాస్గో శస్త్రవైద్యుడు కెన్నెడీ డాల్జియల్ కొందరు రోగుల పేగుల్లో చూసిన వాపు, పశువుల జోన్స్ వ్యాధిని పోలి ఉందని రాశాడు. 1932లో న్యూయార్క్ వైద్యుల వ్యాసంతో ఆ జబ్బుకు క్రోన్స్ అనే పేరు స్థిరపడింది. 1984లో రోడ్రిక్ చియోడిని క్రోన్స్ రోగుల పేగుల నుంచి మ్యాప్‌ను పెంచి చూపాక వాదం మళ్లీ రాజుకుంది. క్రోన్స్ రోగుల్లో మ్యాప్ మిగతావారిలో కన్నా తరచుగా కనబడుతుందన్నది అనేక అధ్యయనాల సారం. కానీ అదే కారణమా, లేక దెబ్బతిన్న పేగులో అది చోటు దొరకబుచ్చుకుందా అన్నది తేలలేదు. ఆస్ట్రేలియాలో 213 మంది రోగులకు క్లారిత్రోమైసిన్, రిఫాబ్యూటిన్, కుష్ఠుకు వాడే క్లోఫజిమిన్ కలిపి రెండేళ్లు ఇచ్చిన ప్రయోగం ఫలితాలు 2007లో వచ్చాయి. తొలి నెలల్లో కొంత మేలు కనబడినా అది నిలవలేదు. మ్యాప్ ఒక్కటే కారణమన్న వాదనకు ఇది పెద్ద దెబ్బే. ఆ ప్రయోగంలో మందుల మోతాదు చాలలేదన్న విమర్శ కూడా ఉంది.

పాల విషయంలో ఫలితాలు స్పష్టంగా ఉన్నాయి. ఐరీన్ గ్రాంట్ బృందం బ్రిటన్‌లో అంగళ్లకు వెళ్లే పాశ్చరైజ్ చేసిన పాల నమూనాలు 567 పరీక్షిస్తే 10 నమూనాల్లో బతికున్న మ్యాప్ దొరికింది. అమెరికాలో 2005లో 702 నమూనాల్లో 20 అలాగే తేలాయి. అంటే 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు వేడి చేయడం దీన్ని చాలావరకు చంపుతుంది, ప్రతిసారీ పూర్తిగా కాదు. తెలుగిళ్లలో ప్యాకెట్ పాలను కూడా పొంగేదాకా కాచే అలవాటు ఈ ఒక్క విషయంలో పనికొచ్చేదే.

అదుపు ప్రయత్నాలు, భారతదేశం

అమెరికాలో 2007 జాతీయ సర్వే ప్రకారం 68 శాతం పాడి పొలాల్లో మ్యాప్ ఉంది. 2021లో ఫిలిప్ రాస్ముసెన్ బృందం వేసిన అంచనాలో, వ్యాధి ఉన్న మందల్లో నష్టం ఆవుకు ఏడాదికి సుమారు 33 డాలర్లు. పాల రాబడిలో అది దాదాపు ఒక శాతం. విడిగా చూస్తే రైతుకు పెద్దగా తెలియనంత చిన్న నష్టం. అదుపు కార్యక్రమాలు నీరసపడటానికి అదే కారణం. స్వీడన్ దొరికిన మందనల్లా తీసేసి దాదాపు రోగరహితంగా నిలిచింది. జపాన్ చట్టం ప్రకారం పరీక్షలో పట్టుబడిన పశువును వధించాలి. నార్వే 1967 నుంచి మేకలకు టీకా వేయగా, కోసి చూసిన మేకల్లో రోగం 53 శాతం నుంచి ఒక శాతానికి పడిపోయింది. డెన్మార్క్ 2006 నుంచి రైతుల ఇష్టం మీద నడిచే పథకం పెట్టింది. ఏడాదికి నాలుగు సార్లు పాల ఎలైసా చేసి ఆవులను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుగా విడదీస్తారు. ఎరుపు ఆవు ముర్రుపాలు ఏ దూడకూ పట్టరు. నిర్మూలన ఆశ వదులుకుని నష్టం తగ్గించుకోవడమే దాని లక్ష్యం. నా దృష్టిలో ఎక్కువ దేశాలకు పనికొచ్చే దారి ఇదే.

భారతదేశంలో ఎక్కువ పరిశోధన ఉత్తరప్రదేశ్‌లోని మథుర దగ్గర మఖ్దూమ్‌లో ఉన్న కేంద్ర మేకల పరిశోధనా సంస్థలో జరిగింది. అక్కడ శూర్ వీర్ సింగ్ బృందం దశాబ్దాలుగా మేకలు, గొర్రెలు, ఆవులు, గేదెలు, అడవి నెమరు జంతువుల నుంచి మ్యాప్‌ను సేకరించింది. పశ్చిమ దేశాల్లో ఆవు రకం, గొర్రె రకం అని విడదీస్తే, ఇక్కడ అధికంగా దొరికింది ‘ఇండియన్ బైసన్’ రకం. అమెరికా బైసన్లలో మొదట గుర్తించిన రకానికి దగ్గరదే అయినా, ఐఎస్1311 అనే ఖండంలో రెండు అక్షరాలు లోపించడం దీని గుర్తు. జాతి ఏదైనా రకం ఒకటే కావడంలో ఆశ్చర్యం లేదు. మన దగ్గర ఆవూ, గేదే, మేకా ఒకే బీడులో మేసి ఒకే చెరువులో దిగుతాయి. ఆవుల వధపై చాలా రాష్ట్రాల్లో నిషేధం ఉంది కాబట్టి ‘పరీక్షించు, తీసేయి’ పద్ధతి ఇక్కడ సాగదు. అందుకే ఆ సంస్థ జమునాపారి మేక నుంచి తీసిన ‘ఎస్5’ అనే దేశీయ రకంతో చంపిన టీకా చేసి, రోగం సోకిన జంతువులకూ వేసి చూసింది. ఒళ్లు తేరుకుందని, విసర్జన తగ్గిందని నివేదించింది.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో వాటా పెద్దదే. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. దాదాపు సగం ఇక్కడే. మందలు వేసవిలో జిల్లాలు దాటి వలస వెళ్తాయి. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీ కోసం జీవాలను ఎక్కువగా పొరుగు రాష్ట్రాల నుంచే కొన్నారు. అలాంటి కొనుగోళ్లలో పీపీఆర్, నీలి నాలుక రోగాలను చూసినంతగా ఈ మౌన రోగాన్ని ఎవరూ చూడరు.

టీకాలకు ఉన్న అడ్డంకి వేరే చోట ఉంది. చంపిన మ్యాప్ టీకా వేసిన పశువు ఆ తర్వాత క్షయ చర్మ పరీక్షలో పాజిటివ్‌గా కనబడవచ్చు. క్షయ లేదని రుజువు చూపి పశువులను, పాలను ఎగుమతి చేసే దేశాలు జోన్స్ టీకాను ఆవులకు అందుకే అనుమతించవు, లేదా చాలా పరిమితంగా అనుమతిస్తాయి. అనుమానం వచ్చిన చోట మెడ మీద రెండు చోట్ల గొరిగి, ఒకచోట పశు క్షయ ట్యూబర్‌క్యులిన్, రెండోచోట పక్షి క్షయ ట్యూబర్‌క్యులిన్ ఎక్కిస్తారు. 72 గంటలకు చర్మం మందాన్ని మళ్లీ కొలిచి, ఏ వైపు వాపు ఎక్కువో చూసి నిర్ణయిస్తారు. క్షయకూ టీకాకూ మధ్య తేడాను తేల్చగల యాంటిజెన్ల వేట ప్రయోగశాలల్లో ఇంకా సాగుతోంది.